అన్నయ్య పంపిన రెయిన్ జాకెట్‌లో ఉడికిపోతున్నాను

రంపచోడవరం ఏజెన్సీలో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌గా పనిచేస్తున్న ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు, బీటు (అంటే తనకు అప్పగించిన అడవి భాగం) వివరాలు బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఆనవాళ్ళు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఉద్యోగంలో చేరాక ఆమెకు ఇదే మొదటి వానాకాలం. బీటు తిరగడం, మొక్కలు నాటించడం, అడవిలో పెట్టిన కెమెరాలు చూసుకోవడం, అన్నీ వానలోనే. మొదట సంతలో కొన్న ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకునేవారు. ముళ్ళకంపకు తగిలి అది త్వరలోనే పీలికలైంది. సియాటెల్‌లో ఉన్న అన్నయ్యకు చెప్తే, అక్కడ కొండలెక్కేటప్పుడు తను వేసుకునే కంపెనీదే ఒకటి పంపించారు. మన డబ్బుల్లో పదహారు వేలు. "అన్నయ్య అది వేసుకుని రోజంతా వానలో తిరిగినా లోపల చుక్క తడవదంటాడు. నాకు అరగంటలో లోపలి చొక్కా పిండితే నీళ్ళు కారుతున్నాయి. ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంటుంది. ఇది డూప్లికేటా? నా ఒంట్లోనే ఏదైనా తేడా ఉందా?" అని మొదటి ప్రశ్న.

వెంట వచ్చే వాచర్లు కొండరెడ్లు అనే గిరిజనులు. వాన మొదలవగానే చొక్కా విప్పి, పాలిథిన్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకుంటారట. వాన ఆగాక ఒళ్ళు తుడుచుకుని అదే పొడి చొక్కా వేసుకుంటారు. "మేడమ్, ఆ కోటు తీసెయ్యండి, హాయిగా ఉంటుంది అంటారు. వాళ్ళు మంచికే చెప్తున్నారు. కానీ నాకు కుదరాలి కదా!" అని రాశారు. కుదరకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకసారి ఉక్కపోత భరించలేక జాకెట్ తీసి నడిచారు. తడిసిన ఖాకీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆ రోజు ఒక సహోద్యోగి తీసిన గ్రూప్ ఫొటో స్టాఫ్ వాట్సాప్‌లోకి వచ్చింది, దాని కింద ఒక వెకిలి కామెంటూ వచ్చింది. అప్పట్నుంచి ఎంత ఉక్కగా ఉన్నా జాకెట్ జిప్పు మెడ దాకా వేసే ఉంచుతున్నారు. పోయిన నెలలో కొండ ఎక్కుతుంటే తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి. పక్కనున్న పై అధికారి "ఆడవాళ్ళకు ఈ తిరుగుళ్ళెందుకమ్మా, ఆఫీసులో సీటు అడుక్కోవచ్చుగా" అన్నారు. నడుము చుట్టూ, తొడల మీద గుండ్రటి దురద మచ్చలు. మెడికల్ షాపు క్రీము రాస్తుంటే తగ్గి మళ్ళీ వస్తున్నాయి. కాళ్ళ వేళ్ళ సందులు నాని తెల్లగా చీలుతున్నాయి. అత్తగారు ఉద్యోగం మానెయ్యమంటున్నారు, భర్త ట్రాన్స్‌ఫర్‌కి అర్జీ పెట్టమంటున్నారు. "ఏ రెయిన్‌కోటు కొనాలో చెప్పండి. లేకపోతే అర్జీ పెట్టమంటారా, అదీ చెప్పండి" అని ముగించారు.

*

ముందు మీ ఒంటి సంగతి, తర్వాత బట్టల సంగతి.

మీరు చెప్పే మచ్చలు తామరలాగే ఉన్నాయి. అడగ్గానే షాపులో ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రాయగానే దురద తగ్గుతుంది, కింద ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. ట్యూబు తిప్పి చూడండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేర్లలో ఏది కనబడినా రాయడం ఆపి చర్మ డాక్టరుకు చూపించండి. ట్యూబు కూడా పట్టుకెళ్ళండి. ఆపిన కొత్తలో ఎర్రబడి దురద పెరగొచ్చు. కంగారుపడి మళ్ళీ అదే రాయకండి. ఇది తగ్గకుండా ఎంత మంచి బట్ట కొన్నా మీకు సుఖం ఉండదు.

కొండ మీద వాంతి అయిన రోజు గురించి. మీరు దాన్ని చేతగానితనం కింద రాసుకున్నారు. నాకు అది వేడి దెబ్బలా కనిపిస్తోంది. వానలో వేడి దెబ్బేమిటని అనుకోవచ్చు. బరువుతో కొండెక్కే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోతుంది. అది ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. మెడ దాకా జిప్పు వేసిన కోటులో ఆరే దారి లేదు. పైగా వాన రోజున దాహం తెలియదు, మంచినీళ్ళు తాగం. సీసాలో ఓఆర్ఎస్ కలుపుకుని వెళ్ళండి. మళ్ళీ తల దిమ్మెక్కినట్టు అనిపిస్తే ఎవరేమనుకున్నా ఆగి, జిప్పు తీసి, కూర్చోండి. మాట తడబడినా, ఏం చేస్తున్నదీ తెలియకపోయినా ఆసుపత్రికే.

ఇప్పుడు జాకెట్. అది డూప్లికేట్ అని నేననుకోను. మీ ఒంట్లో తేడా కూడా లేదు. అది ఆ ఊరి వానకు కుట్టిన బట్ట, అంతే. 1969లో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్‌ను వేడి చేసి ఒక్క ఊపున సాగదీస్తే, కంటికి కనబడని రంధ్రాలున్న పొర తయారైంది. నీటి చుక్క ఆ రంధ్రంలో పట్టదు, ఆవిరి మాత్రం దూరిపోతుంది. గోర్‌టెక్స్ పుట్టింది ఇలాగే. ఇతర కంపెనీల పొరల ఉద్దేశం కూడా ఇదే. కానీ ఆవిరి దానంతట అది బయటికి నడిచి రాదు. లోపల ఆవిరి ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే బయటికి తోసుకొస్తుంది. నవంబరులో సియాటెల్ అడవుల్లో వాన పడుతున్నప్పుడు ఏడెనిమిది డిగ్రీలుంటుంది. మీ అన్నయ్య చర్మం దగ్గర 33 డిగ్రీలు. ఆ తేడా ఆవిరిని లాగేస్తుంది. జులైలో మీ అడవిలో 25, 26 డిగ్రీలు, గాలి నిండా తేమ. లాగే బలం సగం కూడా ఉండదు. వచ్చే చెమట చూస్తే ఆయనకంటే మీకే ఎక్కువ. పదహారు వేలు కాదు, అరవై వేలు పెట్టినా ఈ లెక్క మారదు. కాబట్టి ఇంకో ఖరీదైన జాకెట్ వైపు చూడొద్దు.

అలాగని దాన్ని అటక మీద పడెయ్యకండి. మీకు నిజంగా వానకోటు కావలసింది నడకలో కాదు, బండి మీద. తడిసిన బట్టలతో నలభై కిలోమీటర్ల వేగంలో ఘాటు రోడ్డు దిగితే ఇరవై అయిదు డిగ్రీల్లో కూడా వణుకు పుడుతుంది, బ్రేకు మీద వేళ్ళు మొద్దుబారతాయి. అక్కడ చెమట పట్టదు, గాలి కొడుతుంది. కిందికి వెయ్యి, పదిహేను వందల్లో వచ్చే బండి రెయిన్ ప్యాంటు ఒకటి జత చేసుకుంటే చాలు. బేస్ క్యాంపులో రాత్రి కాపలాకు, చలికాలం తెల్లవారుజాము డ్యూటీకి కూడా ఈ జాకెట్ బాగా పనికొస్తుంది. అన్నయ్యకు ఈ మాటే చెప్పండి, ఆయనా సంతోషిస్తారు.

జాకెట్ చంకల కింద జిప్పులున్నాయేమో వెతకండి. కొండలెక్కేవాళ్ళకు చేసే జాకెట్లలో చాలావాటికి ఉంటాయి, కొన్నవాళ్ళకే తెలియదు. ఉంటే వాన తగ్గినప్పుడు పూర్తిగా తెరిచి ఉంచండి. ఇంకో పరీక్ష. భుజం మీద గ్లాసుతో నాలుగు చుక్కలు పొయ్యండి. ముత్యాల్లా దొర్లిపోతే బట్ట బాగుంది. చుక్క పరుచుకుని బట్ట రంగు ముదిరితే పై పూత అరిగిందని అర్థం. అప్పుడు పై బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, కొద్దో గొప్పో పోయే ఆవిరి కూడా ఆగిపోతుంది. సబ్బుపొడి కాకుండా బట్టలుతికే లిక్విడ్ కొంచెమే వేసి ఉతికి, బాగా జాడించండి. బట్టలు మెత్తబడ్డానికి వేసే లిక్విడ్ అసలు వద్దు. లోపలి లేబుల్ ఒప్పుకుంటే పైన నూలు గుడ్డ వేసి సన్నని వేడితో ఇస్త్రీ చెయ్యండి, పూత కొంతవరకు మళ్ళీ లేస్తుంది.

ఇక అసలు ప్రశ్న, నడకలో ఏం వేసుకోవాలి. మన పాత వాన సరంజామా గుర్తు తెచ్చుకోండి. నాట్లేసేవాళ్ళ తాటాకు గిడుగు, గొర్రెల కాపరి గొంగడి, మూల లోపలికి మడిచి తలమీద వేసుకునే గోనె సంచి. వీటిలో దేనికీ ముందు గుండీలు లేవు. పైనుంచి వాన ఆపుతాయి, పక్కలన్నీ తెరిచే ఉంటాయి. ఈ ఉక్కలో పనిచేసేవాళ్ళకు అది తెలిసే అలా చేసుకున్నారు. మీ వాచర్లు చొక్కా విప్పడంలోనూ అదే తెలివి ఉంది. నడిచినంతసేపు ఒళ్ళు తడవనీ, ఆగినప్పటికి పొడి బట్ట ఉండాలి. చొక్కా విప్పే సదుపాయం మీకు లేదు, నిజమే. ఆ లెక్కను మీ బట్టల్లోకి ఎలా తెచ్చుకోవాలో చూద్దాం.

మొదటి దారి, కోటు లేకుండా తడుస్తూ నడవడం. నాకైతే బీటు తిరిగే రోజుల్లో ఇదే సరైనదనిపిస్తుంది. దీనికి బట్ట కుదరాలి. నూలు చొక్కా తడిస్తే బరువు, ఆరడానికి పూటంతా పడుతుంది, ఒరుసుకుంటుంది. టెరికాట్ ఖాకీ చాలా నయం. లోదుస్తులు కూడా నూలువి కాకుండా ఆటలాడేవాళ్ళు వేసుకునే, తొందరగా ఆరే రకం తీసుకోండి. తొడలు ఒరుసుకోకుండా పొట్టి షార్ట్స్ లాంటివి లోపల వేసుకుంటే ఇంకా మంచిది. బ్యాగులో గట్టి పాలిథిన్ కవర్లో ఒక పూర్తి జత, చిన్న తువ్వాలు. దీనిలో ఇబ్బంది ఒకటే, ఆగితే చలి. గంటసేపు ఒకచోట కూర్చోవలసిన పని ఉంటే, జ్వరం వచ్చి తగ్గిన వారంలో అయితే, ఈ పద్ధతి వద్దు.

రెండోది పాంచో, అంటే బ్యాగు మీదుగా కప్పుకునే గుడారం లాంటిది. పక్కలు తెరిచి ఉంటాయి, గాలి ఆడుతుంది, ఒంటి ఆకారం తెలియదు. మొక్కలు నాటించేటప్పుడు, నర్సరీలో, గుంతలు లెక్కపెట్టేటప్పుడు ఇంతకంటే సుఖమైనది లేదు. కానీ వెదురు పొదల్లో, ఈత కంపల్లో ప్రతి కొమ్మా పట్టుకుని లాగుతుంది. ఏటవాలులో దిగేటప్పుడు మీ పాదం మీకు కనబడదు, అది ప్రమాదం. కొంటే మోకాలి పైకి ఉండేది కొనండి.

గొడుగు కూడా ఆలోచించండి. నవ్వుతారని వెనకాడొద్దు, ప్లాంటేషన్ పనికి అదీ మంచి సాధనమే. బీటుకు మాత్రం వద్దు, ఒక చెయ్యి పోతుంది. ఉరుములు మొదలైతే బయలులో గొడుగెత్తి నిలబడొద్దు, ఒంటరి చెట్టు కిందికీ వెళ్ళొద్దు. దామిని యాప్‌లో పిడుగుల హెచ్చరికలొస్తాయి. లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరే ముందే చూసుకోండి.

ఏది వేసుకున్నా టోపీ గుడ్డ, అదే హుడ్, చెవుల మీదికి లాగొద్దు. దాని మీద పడే వాన చప్పుడులో ఇంకేమీ వినబడదు, పక్క చూపూ పోతుంది. మీ వైపు అడవిదున్నలున్నాయి, ఎలుగులున్నాయి. అంచున్న టోపీ పెట్టుకుని చెవులు బయట ఉంచండి. ప్లాస్టిక్ కోటు గరగరలాడే చప్పుడు కూడా ఇలాగే అడ్డు.

ఇప్పుడు మీరు ఉత్తరంలో నాలుగు వాక్యాల్లో రాసి దాటేసిన విషయం. మీరు జాకెట్ వేసుకుంటున్నది వాన కోసం కాదు, ఫొటో కోసం. రెండు సమస్యలకూ ఒకే కోటు తొడిగారు, అందుకే ఏదీ తెగడం లేదు. విడదీద్దాం.

బట్ట అతుక్కోవడానికి బట్టతోనే విరుగుడుంది. చొక్కా ఒక సైజు పెద్దది కుట్టించుకోండి. లోపల ఒంటికి పట్టే, తొందరగా ఆరే ముదురు రంగు టీషర్టు, ఖాకీకి దగ్గరగా ఉండే గోధుమ గానీ ఆకుపచ్చ గానీ. తెలుపు వద్దు, తడిస్తే అదే ముందు కనబడుతుంది. ఇంకా కావాలంటే పైన చేతుల్లేని, జేబులున్న వల గుడ్డ జాకెట్ ఒకటి. ఏ దర్జీ అయినా కుట్టిపెడతాడు. యూనిఫాం మీద అది వేసుకోవచ్చో లేదో రేంజర్ గారిని ఒక మాట అడగండి. నోట్‌బుక్, జీపీఎస్, సీటీ పెట్టుకోవడానికంటే కాదనరు. ఒక పొర పెరిగితే కొంచెం వేడి పెరుగుతుంది, మూసేసిన జాకెట్‌తో పోలిస్తే లెక్కలోది కాదు. వేసుకుని బీటుకు వెళ్ళే ముందు ఇంట్లో పరీక్షించండి. మొత్తం తొడుక్కుని రెండు చెంబులు నెత్తిన పోసుకుని, అద్దం ముందు వంగి, లేచి, చెయ్యెత్తి చూడండి. అక్కడ మీకు ఇబ్బంది అనిపించకపోతే అడవిలో దాని ధ్యాసే ఉండదు.

ఫొటో సంగతి వేరు. దానికి మీ బట్టలు జవాబు చెప్పక్కర్లేదు. పెట్టినాయన్ని నేరుగా "తీసెయ్యండి, కామెంటు నాకు నచ్చలేదు" అనొచ్చు. చాలాసార్లు ఇంతటితో అయిపోతుంది. ఒక్కోసారి "సరదాకన్నాను" అనే నసుగుడు, నాలుగు రోజుల ముభావం ఉంటాయి. రేంజర్ గారికి చెప్పొచ్చు. ఆయన మంచివాడైతే గ్రూపులో సాధారణంగా ఒక హెచ్చరిక పెట్టిస్తారు, మీ పేరు రాదు. ఆగకపోతే, పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, అక్కడ రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. మామూలుగా మూడు నెలల గడువు ఉంటుంది. అది పెద్ద అడుగే, వెంట మాటలూ వస్తాయి. ఇప్పుడే ఆ దారిలో వెళ్ళమని నేననను. స్క్రీన్‌షాట్ మాత్రం తేదీతో సహా దాచుకోండి.

నడుము కింది భాగానికి వస్తే, అడవిలో వాన పైనుంచే కాదు, కింద నుంచీ తడుపుతుంది. వాన వెలిసిన రెండు గంటల తర్వాత కూడా గడ్డి, పొదలు తొడల దాకా నీళ్ళు పూస్తాయి. దానికి ఏ జాకెట్టూ పనికిరాదు. మోకాలి కింద నుంచి బూటు దాకా కట్టుకునే గెయిటర్లు బాగా పనికొస్తాయి, పిడుదులు, ముళ్ళు కూడా తక్కువ పట్టుకుంటాయి. బూట్ల విషయంలో మీరు గమ్‌బూట్లు వాడుతున్నానని రాశారు. రక్తపింజరల కాలంలో దానికి ఒక లాభం ఉంది, కాదనను. కానీ వాగులో పైనుంచి ఒక్కసారి నీళ్ళు దిగితే రోజంతా అందులోనే నానాలి, మీ వేళ్ళ సందులు చెప్తున్నది అదే. పక్కన నీళ్ళు పోయే చిల్లులున్న క్యాన్వాస్ జంగిల్ బూట్లు తడుస్తాయి, ఆరతాయి. వాగులు దాటే రోజున ఇవి, నర్సరీలో, బురద పనిలో అవి. మధ్యాహ్నం అన్నం వేళ మేజోళ్ళు మార్చి, పాదాలు పదిహేను నిమిషాలు గాలికి ఆరబెట్టండి. ఈ ఒక్క అలవాటు సగం బాధ తీరుస్తుంది. రాత్రి బూట్లలో పాత పేపర్లు కుక్కి పెట్టండి. పొయ్యి దగ్గర పెడితే జిగురు ఊడుతుంది. పొద్దున్న దులిపి తొడుక్కోమని మీకు చెప్పక్కర్లేదు.

మీరు రాయలేదు గానీ, నెలసరి రోజుల్లో తడిసిన ప్యాడ్‌తో నడక నరకం. ప్యాడ్‌కు బదులు వాడే మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటు చేసుకుంటే వానతో సంబంధం ఉండదు. అలవాటవడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, అడవిలో కాదు, ఇంట్లో మొదలుపెట్టండి. వద్దనుకుంటే ఆ రెండు రోజులు నర్సరీ పని పెట్టించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

జ్వరం విషయం మరిచిపోకండి. ఏజెన్సీలో జ్వరం అనగానే మలేరియా పరీక్ష చేస్తారు, చెయ్యాలి కూడా. అది లేదని తేలి జ్వరం తగ్గకపోతే నడుము, చంకలు, గజ్జలు వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటే స్క్రబ్ టైఫస్ కావచ్చు. నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది, వేళకు గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గుతుంది. "నేను అడవిలో తిరుగుతాను" అనే మాట డాక్టరుకు ముందే చెప్పండి. తడి బట్టలు కూడా గడ్డి మీద ఆరెయ్యకుండా తీగ మీద వెయ్యండి.

చివరికి ట్రాన్స్‌ఫర్. ఇప్పుడే పెడితే ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది, ఇంట్లో మాటలు తగ్గుతాయి. దానికి బదులు ఆ పై అధికారి అన్న మాట నిజమైనట్టు మీకే అనిపించే ప్రమాదం ఉంది. తిరిగి బీటు కావాలన్నప్పుడు మీ ఫైలు మీద ఈ కాగితం ఉంటుంది. ఈ ఉద్యోగానికి ఆడవాళ్ళు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి, మీరు చూపించే వచ్చారు. కాళ్ళకు చేతకాదన్న మాట మీకు వర్తించదు. ఇంకోవైపు, చర్మం మానకపోయినా, గ్రూపులో ఆ వెకిలితనం ఆగకపోయినా, అడవి పని మీదే మనసు విరిగినా అర్జీ పెట్టడం ఓటమేమీ కాదు, ఆఫీసు సీటులోనూ అటవీ శాఖ పనే చేస్తారు. నన్నడిగితే తామరకు మందు, కొత్త చొక్కా, బూట్లు ఈ మూడూ అయ్యాక సెప్టెంబరు వానల్లో ఒక నెల తిరిగి చూడమంటాను. అప్పుడు కూడా వద్దనిపిస్తే అర్జీ రాయండి. కారణం దగ్గర మాత్రం "ఆరోగ్య కారణాల వల్ల" అని పొడిగా రాసి వదిలెయ్యకండి, తడి కాలంలో సిబ్బందికి తగిన బట్టలు, బూట్లు ఇవ్వడం లేదన్న మాట కూడా అందులో చేర్చండి. మీ తర్వాత ఆ బీటుకు వచ్చే అమ్మాయికైనా ఇండెంట్‌లో, అంటే ఆఫీసు తెప్పించే సామాను జాబితాలో, ఒక జత వస్తుంది.